ట మీద గుడి

మా చేలను ఎడారి అని మొదట అన్నది ప్రభుత్వం. అంతకుముందు మేము వాటిని చేలు అనేవాళ్లం.

ఇందులో ప్రభుత్వం తప్పేమీ లేదు. తప్పు నాది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నా చేతిరాతలోని ఒక అక్షరానిది.

మా ఊరు గాలిదిన్నె హగరి ఏటి ఒడ్డున ఉంది. ఏట్లోకి నీళ్లు ఎప్పుడో గానీ రావు. ఇసుక మాత్రం మాట తప్పకుండా వస్తుంది. ఆషాఢం గాలి లేచిందంటే ఏట్లో పడుకున్న ఇసుకంతా లేచి ఊరి మీదికి నడుస్తుంది. వచ్చి చేలల్లో కూర్చుంటుంది. కూర్చున్నది మళ్లీ లేవదు. అలా వచ్చి కూర్చున్న ఇసుకను మేము మేట అంటాం.

వన్నూరక్కకు మూడెకరాల చేను ఉండేది. నాలుగేళ్లలో రెండెకరాలు నడుం లోతు మేట కిందికి పోయాయి. మిగిలింది ఒక ఎకరా, అందులో ఒక బోరు. ఆ ఎకరా చుట్టూ రెల్లుతో దడి కట్టి, దడి వెంబడి కానుగ మొక్కలు నాటి, ఇసుకను ఆ పక్కనే నిలబెట్టింది వన్నూరక్క. పొద్దున లేస్తూనే గంప తీసుకుని పోయి, దడి దాటి వచ్చిన ఇసుకను ఎత్తి అవతల పోసేది. భర్త పోయాక ఆమెకూ, మంచాన ఉన్న ఆమె అత్తకూ ఆ ఎకరాలో పండే శెనక్కాయే ఆధారం.

"ఒక అర్జీ రాయప్పా తిప్పేసామీ," అంది ఒకనాడు నాతో. "ఈ దడి ఇంగొక ఆషాఢం తట్టుకుంటే ఎక్కువ. ఆపైన బోరు గూడా పూడిపోతాది. రెండెకరాల్లో మేట తీపిచ్చమని రాయి. నువ్వు బి.ఏ. సదివినోడివి. నీ రాత పెండ్లిపత్రిక మాదిరి ఉంటాదంటారు గదా."

నా రాత గురించి నా అభిప్రాయమూ అదే. ట రాసేటప్పుడు కలం ఎత్తకుండా పైకి ఒక్క వంపు తిప్పి వదలడం నా అలవాటు. కోడిపుంజు తల మీద జుట్టులా ముద్దుగా ఉంటుందని కాలేజీలో మా తెలుగు మాస్టారు మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు నన్ను వదల్లేదు, నేను ఆ వంపును వదల్లేదు.

రాశాను. "అయ్యా, మా గాలిదిన్నె గ్రామమునకు ప్రతి ఆషాఢమున మేట వచ్చి చేరుచున్నది. వచ్చిన మేట వచ్చినట్లే పొలములలో కూర్చుండిపోవుచున్నది. ఇండ్ల గడపల దాకా వచ్చుచున్నది. కావున మేట విషయమై తమరు వెంటనే తగు ఏర్పాట్లు చేయగలరని ప్రార్థన." కింద వన్నూరక్క వేలిముద్ర.

మూడు నెలలకు జవాబు వచ్చింది. రెవెన్యూ వాళ్ల దగ్గర్నుంచి కాదు. రాష్ట్ర సాహిత్య ప్రేరణ మండలి అనే ఆఫీసు నుంచి. అలాంటి ఆఫీసు ఒకటుందని మాకు అప్పుడే తెలిసింది.

"మీ గ్రామమునకు మేటి వచ్చి చేరుచున్నట్లు తెలిసి మండలి మిక్కిలి హర్షించినది. అయితే మేటి వ్యక్తుల విషయమై 'వచ్చి చేరుచున్నది' అని వ్రాయుట అగౌరవము. 'విచ్చేయుచున్నారు' అని వ్రాయవలెను. ఇకముందు జాగ్రత్త వహించగలరు. సాహితీమూర్తులు పొలములలోను, ఇండ్ల గడపలపైనను కూర్చుండవలసి వచ్చుట మండలిని కలచివేసినది. తగు ఏర్పాట్లు చేయబడుచున్నవి."

చదవగానే నాకు సంగతి అర్థమయింది. ట మీద నేను తిప్పిన వంపును ఎవరో గుడి అనుకున్నారు. మేట కాస్తా మేటి అయింది.

మా సర్పంచి గాదిలింగప్ప మాత్రం ఆఖరి వాక్యం ఒక్కటే విన్నాడు. "ఏర్పాట్లు అని రాసినారు గదప్పా. ఏర్పాట్లంటే జేసీబీనే. వన్నూరక్కా, నీ పని అయిపోయినట్లే!" అన్నాడు.

పదిహేను రోజులకు ఏర్పాట్లు జీపు దిగాయి. జేసీబీ లేదు. తెల్లటి లాల్చీ, నల్లటి కళ్లద్దాలతో ఒకాయన ఉన్నారు. ప్రేరణాధికారి వైకుంఠరావు గారట. చేల వైపు నడిచి, మేట ఎక్కి, నాలుగు దిక్కులా చూసి రెండు చేతులూ చాపారు.

"ఆహా! ఎంత వైశాల్యం! ఎంత శూన్యం! మేటివారు ఇక్కడికి ఎందుకు విచ్చేస్తున్నారో ఇప్పుడు అర్థమయింది. ఇటువంటి ఎడారిని ఇన్నాళ్లు ఎక్కడ దాచిపెట్టారయ్యా?"

"సార్," అన్నాను ధైర్యం చేసి, "మా ఊరికి వచ్చేది మేటే సార్."

"మేటే! నేనూ అదే అంటున్నాను."

"అది కాదు సార్. నేను అంటున్నది... మేటే."

"నువ్వు ఎన్నిసార్లు అన్నా నేను కాదనను. మేటే! అర్జీ రాసింది నువ్వేనా? చక్కటి దస్తూరీ. నిన్ను ఈ క్షేత్రానికి ప్రేరణ మిత్రగా నియమిస్తున్నాం."

మెడలో ఒక తాడు వేశారు. తాడు కింద నా ఫోటో అతికించిన బిళ్ల. దాని మీద నా పేరు పక్కన 'గారు' అని అచ్చయి ఉంది. మా ఇంట్లో నన్ను 'ఒరే' అనకుండా పిలిచినవాళ్లు లేరు. ఆ 'గారు' చూశాక నోటి దాకా వచ్చిన మాటను లోపలికి మింగాను. మింగి, ఏడాదిన్నర పాటు అరిగించుకున్నాను.

ఊరి మొదట్లో పంచాయతీ స్థలంలో అతిథిగృహం లేచింది. తెల్ల గోడలు, పెద్ద కిటికీలు, ముంగిట్లో తులసికోటంత ఎత్తున కలం బొమ్మ. రచయితలు రావడం మొదలుపెట్టారు. ఒకరు వచ్చి వెళ్లి, "ఆ ఇసుకలో నన్ను నేను పోగొట్టుకున్నాను" అని ఆదివారం పత్రికలో రాశారు. పై ఆదివారానికి పోగొట్టుకోవడానికి తొమ్మిదిమంది వచ్చారు. ఎడారి చూడనివాడు రచయితే కాడని ఒక మాట పుట్టి, పట్టణాలన్నీ పాకింది. అందరికీ గది దొరకక మండలి వంతులు పెట్టింది. ఒక్కో తడవ పదకొండుమంది.

వంతులు పెట్టాక నిబంధనలు రాకుండా ఉంటాయా. వైకుంఠరావు గారు అతిథిగృహం వరండాలో ఊరివాళ్లను కూర్చోబెట్టి నిబంధనావళి చదివారు.

"నిబంధన పన్నెండు. కూర్చున్న మేటి రచయిత, ఆయన చుట్టూ ఇరవై అడుగుల ఇసుక, ఈ రెండూ కలిపి ఒక ప్రేరణ పరిధిగా పరిగణించబడును. దీనిని ఎట్టి పరిస్థితులలోను విడదీయరాదు. గ్రామస్థులు, వారి పశువులు ఇందులో ప్రవేశించరాదు."

"గొర్రెలకెట్ల తెలుస్తాది సార్, ఇరవై అడుగులని?" అడిగాడు గాదిలింగప్ప.

"తెలియజేయవలసిన బాధ్యత పంచాయతీది. నిబంధన పంతొమ్మిది. కూర్చొనుట ముగియగానే మేటి రచయితలను సగౌరవంగా వాహనంపై అతిథిగృహం ముంగిటికి చేర్చి, పూలమాల వేసి, మజ్జిగ ఇవ్వవలెను."

ప్రేరణ నమోదు పుస్తకం నా చేతికి వచ్చింది. ప్రేరణ ఏ దిక్కు నుంచి వచ్చింది, ఏ సమయానికి వచ్చింది, వెళ్లిపోయిందా, ఇంకా ఉందా. రచయితలు పొద్దున్నే వరసగా నిలబడి రాసి సంతకం పెట్టేవాళ్లు. వాళ్లలో ఒక నవలా రచయిత దాహంతో చనిపోయే నాయిక కథ రాస్తున్నాడు. ఆమె చనిపోయే అధ్యాయం రాసిన రోజు ఆయనకు పద్నాలుగు నీళ్ల సీసాలు మోశాను.

గాలికి ఇసుక మీద పడే అలలు రచయితలకు ప్రాణం. జనం నడిచి అలలు చెడుతున్నాయని ఫిర్యాదు వెళ్లింది. వెంటనే ఉపాధి పనుల జాబితాలో 'అలల దువ్వకం' చేరింది. అదే పని కింద మేట ఎత్తించమని వన్నూరక్క రెండేళ్లు తిరిగితే, "ఇసుక ఎత్తడం జాబితాలో లేదమ్మా" అన్నారు. దువ్వడం మాత్రం చేరింది. పొద్దున్నే నలభైమంది ఆడవాళ్లు పళ్ల దంతెలు పట్టుకుని మా చేల మీద ఇసుకకు పాపిట తీసి దువ్వేవాళ్లు.

"నా కూతురికి గూడా ఇంత సక్కంగ దువ్వలేదమ్మా ఎప్పుడూ," అనేది వాళ్లలో ఒకామె. "జడ గూడా ఎయ్యమంటాడేమో ఆ సారు!"

ఎడారికి ఒంటె లేకపోతే లోటని ఏదో సముద్రపు ఒడ్డు నుంచి ఒక ఒంటెను తెప్పించారు. అది పుట్టినప్పటి నుంచి పిల్లల్ని ఎక్కించుకుని ఫోటోలకు నడిచిన ఒంటె. సరిగ్గా నలభై అడుగులు వేసి, తిరిగి, పళ్లు కనబడేట్టు నిలబడేది. చంపినా నలభై ఒకటో అడుగు వేసేది కాదు. అనంతమైన ఎడారి ప్రయాణం గురించి మా క్షేత్రంలో పుట్టిన కావ్యాలన్నీ ఆ నలభై అడుగుల్లో పుట్టినవే.

ఇంత శూన్యంలో ఒక్కటే లోపం. వన్నూరక్క ఎకరా పచ్చగా ఉండేది.

శూన్యశేఖర్ గారని ఒక కవి ఉండేవారు. సన్నటి మనిషి, మందపాటి కళ్లద్దాలు. ఆయన వంతు అయిపోయినా మళ్లీ మళ్లీ వంతు వేయించుకుని వచ్చేవారు. ఒక పొద్దున ఆయన మేట మీద కూర్చుని ఉండగా వన్నూరక్క గంపతో ఇసుక తెచ్చి ఆయన వెనకాలే గుమ్మరించింది. ఇరవై అడుగుల నిబంధన గురించి చెప్పడానికి నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మాటలు మొదలయ్యాయి.

"ఏం చేస్తున్నారమ్మా?" అడిగారు కవిగారు.

"ఇసక పోస్తాండా. నువ్వేం జేస్తాండావు నాయనా?"

"శూన్యాన్ని చూస్తున్నాను."

"యాడుంది?"

"ఇదంతా శూన్యమే కదమ్మా," అని ఆయన చేయి తిప్పి చూపించారు.

"శూన్యం గాదు నాయనా. సర్వే నంబరు నూటా పద్నాలుగు. నువ్వు కూసున్న తావులో మా ఆయనా నేనూ మొదటేడు శెనక్కాయ ఏసినాము. గోనెసంచులు సాలక మా అత్త పాత సీరలు గూడా కుట్టినాం. రోంత ఆ పక్కకు జరుగు, గంప తగుల్తాది."

కవిగారు జరిగారు. జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నారు. ఆర్నెల్లకు 'శూన్యం కాదు, సర్వే నంబరు నూట పద్నాలుగు' అనే ఆయన కవితకు ఆ ఏటి ఉత్తమ కవిత బహుమతి వచ్చింది. అందులో అస్తిత్వ వేదన ఉందని సభలో ముగ్గురు మాట్లాడారు. వన్నూరక్క ఉందని ఎవరూ అనలేదు.

బహుమతి వచ్చాక ఇంకా ఎక్కువమంది వచ్చారు. వచ్చినవాళ్లకు కవితలోని శూన్యం కావాలి. కళ్లు తిప్పితే శెనక్కాయ చేను కనబడుతోంది. ఫిర్యాదులు వెళ్లాయి. వైశాఖంలో వైకుంఠరావు గారు స్వయంగా నోటీసు తెచ్చి వన్నూరక్క చేతిలో పెట్టారు. చదివి చెప్పింది నేనే, బిళ్ల మెడలో వేసుకుని.

"మేటి రచయితల దృష్టికి అడ్డుగా నున్న పచ్చదనము వలన దృశ్యభంగము కలుగుచున్నది. కావున ఆషాఢ పాడ్యమి లోపల రెల్లు దడిని, కానుగ మొక్కలను తొలగించవలెను. లేనియెడల మండలియే తొలగించును."

వన్నూరక్క నోటీసు మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత వైకుంఠరావు గారి వైపు తిరిగింది.

"దడి తీస్తే ఆషాఢం గాలికి వారం దినాల్లో బోరు పూడిపోతాది సార్. నేనూ మా అత్తా ఏం తినల్ల?"

"అమ్మా, మీరు సంకుచితంగా ఆలోచిస్తున్నారు," అన్నారాయన ఎంతో మర్యాదగా. "మీ ఎకరాలో పండేది ఒక కుటుంబానికి ఆహారం. ఎండేది యావత్ సాహిత్యానికి ఆహారం. మండలి మిమ్మల్ని త్యాగమూర్తిగా గుర్తించే విషయం పరిశీలనలో ఉంది."

జీపు వెళ్లిపోయింది. వన్నూరక్క దడి పక్కన కూలబడింది. ఆమెను నేనెప్పుడూ కూర్చుని ఉండగా చూడలేదు. చేతిలో గంప లేకుండా అసలు చూడలేదు. నా మెడలో బిళ్ల బరువెక్కింది.

"అక్కా, ఒక మాట చెప్తా. చెప్పినాక నువ్వు చెప్పు తీసుకున్నా నేను కదలను," అన్నాను.

ఇసుక మీద వేలితో ట రాసి చూపించాను. "ఇది ట. మనం రాయాల్సింది ఇది." దాని మీద వంపు తిప్పాను. "దీన్ని గుడి అంటారు. గుడి పెడితే టి. మేట మేటి అయితాది. మేటి అంటే గొప్పోళ్లు. నేను సోకుకు ఈ వంపు తిప్పితే వాళ్లు గుడి అనుకున్నారు. మనం ఇసుక వచ్చి పడతాంది అంటే, గొప్పోళ్లు వచ్చి పడతాండారు అని చదువుకున్నారు. నాకు మొదటి దినమే తెలుసు."

వన్నూరక్క ఆ అక్షరాన్ని ఈ పక్క నుంచి, ఆ పక్క నుంచి చూసింది. వేలు పెట్టి గుడిని తుడిచింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తుడిచింది.

"ఈ సుట్ట కోసరమా నా రెండెకరాలు ఎడారి అయిపాయె?"

"అవునక్కా."

"తెలిసి తెలిసి ఏడాదిన్నర గమ్మునుంటివే, నీ కడుపు కాలా! 'గారు' అని రాసినారని గదూ?"

బిళ్లను అరచేత్తో మూసుకున్నాను.

"పో. పోయి ఆ సుట్ట తీపిచ్చుకొని రా. తీపిచ్చకుండా నాకు మొగం సూపియ్యద్దు."

మర్నాడు మండలి ఆఫీసులో నిలబడి జరిగిందంతా చెప్పాను. వైకుంఠరావు గారు పాత అర్జీ తెప్పించి, భూతద్దం పెట్టి నా ట ను చూశారు. ముఖం కొంచెం పాలిపోయింది. ఆ వంపు మీద ఒక అతిథిగృహం, ఒక నిబంధనావళి, ఒక ఒంటె నిలబడి ఉన్నాయి మరి.

"మండలి పొరపాటు చేయదు," అన్నారు చివరికి. "అయితే చదువుకొనుటలో సవరణకు అవకాశం ఉంది. క్షేత్రం యథాతథంగా ఉంటుంది, ఉత్తర్వులూ యథాతథంగా ఉంటాయి. ఒక గుడి తీసేస్తే మునిగిపోయేదేముంది? రాసుకోవయ్యా," అని గుమస్తాకు చెప్పారు.

"గాలిదిన్నె క్షేత్రమునకు సంబంధించిన సకల ఉత్తర్వులు, నిబంధనలు, జాబితాలలో 'మేటి' అని యున్న చోటనెల్ల 'మేట' అని సవరించి చదువుకొనవలెను. ప్రతులు: అన్ని శాఖలకు."

అన్ని శాఖలకు ప్రతులు పంపడమే ఆయన చేసిన పని. ఇంజనీరింగ్ శాఖలో మేట అన్న మాటకు వేరే అర్థం ఉంది. మేట ఎక్కడ ఉన్నా ఆషాఢానికి ముందే యంత్రంతో తొలగించాలని వాళ్లకు ఎప్పటి నుంచో శాశ్వత ఉత్తర్వు ఉంది. పదో రోజుకల్లా రెండు జేసీబీలు, ఎనిమిది ట్రాక్టర్లు మా ఊళ్లోకి వచ్చి నిలబడ్డాయి. వాటి ముందు ఒక కుర్ర ఇంజనీరు, చేతిలో జాబితా.

"మేట తీసేకి వచ్చినారా నాయనా!" అంటూ వన్నూరక్క పరుగున ఎదురెళ్లింది. "రాండి, నా చేను సూపిస్తా. రెండెకరాల ఇసక."

ఇంజనీరు జాబితా తిప్పి చూశాడు. "ఇసుక లేదమ్మా ఇందులో. మీ ఊరి భూమి రికార్డుల్లో ఎడారి అని ఉంది. ఎడారిలో ఇసుక సహజం. దాన్ని నేను ముట్టుకోకూడదు. నా జాబితాలో ఉన్నది మేట రచయితలు. పదకొండు. అతిథిగృహంలో పేరుకుపోయి ఉన్నాయని రాశారు."

"మేట రచయితలా?"

"అవునమ్మా. యంత్ర సహాయంతో తొలగించాలి."

ఈ మాట అతిథిగృహానికి చేరేసరికి జేసీబీ తొండం కూడా కిటికీలోంచి కనబడింది. ఒక నవలా రచయిత తన కొత్త నాయికను అధ్యాయం మధ్యలో వదిలేసి బస్సెక్కాడు. మధ్యాహ్నానికి పదిమంది ఖాళీ. శూన్యశేఖర్ గారు ఒక్కరు మాత్రం ఎప్పటిలాగే మేట మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇంజనీరు టేపు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. అటు నుంచి జీపు దిగి వైకుంఠరావు గారు కేకలు వేస్తూ వచ్చారు.

"ఆపండి! రచయితను తీసుకెళ్లండి, కావాలంటే. ఇసుక జోలికి పోవద్దు!"

"వీలు కాదు సార్," అన్నాడు ఇంజనీరు. "మీ నిబంధన పన్నెండు. కూర్చున్న మేట రచయిత, చుట్టూ ఇరవై అడుగుల ఇసుక, రెండూ ఒకటే. ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయరాదు. తీస్తే రెండూ తీయాలి. విడదీశానంటే నా ఉద్యోగం పోతుంది."

వైకుంఠరావు గారు నోరు తెరిచారు. తన నిబంధన తనకే ఎదురు వచ్చి నిలబడితే ఏం మాట్లాడాలో నిబంధనావళిలో లేదు. నోరు మూశారు.

వన్నూరక్క మాత్రం ఇంజనీరు మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నది. తర్వాత గంప కింద పెట్టి, కవిగారి ముందు నిలబడింది.

"నాయనా, నా మాట తీసుకొని పాట కట్టినావంట. బిరుదొచ్చిందంట. తిప్పేసామి సెప్పినాడు."

కవిగారి ముఖం ఎర్రబడింది. "తప్పే అమ్మా. మీకు చెప్పి ఉండాల్సింది. ఏం చేయమంటారో చెప్పండి."

"మాట తీసుకొంటివి గదా. మేట గూడా తీసుకో. ఈడ తీసినాక ఆ పక్కన కూసో. ఆడ తీసినాక ఇంగో పక్కన. నా రెండెకరాలూ అయిపోయిందాకా కూసుంటా పో. అంతే."

మందపాటి కళ్లద్దాల వెనక ఆయన కళ్లు మొదట అర్థం కానట్టు, తర్వాత అర్థమైనట్టు మెరిశాయి. లేచి పంచె దులుపుకున్నారు. "ఇంజనీరు గారూ, నేను ప్రస్తుతం ఇక్కడ పేరుకుని ఉన్నాను. రాసుకోండి," అన్నారు.

చుట్టూ ఇరవై అడుగుల ఇసుకను జేసీబీ ఎత్తి ట్రాక్టర్లలో పోసింది. ఆఖరి ట్రాక్టరు మీద కవిగారు ఎక్కారు. నిబంధన పంతొమ్మిది ప్రకారం మేట రచయితను, అంటే ఆయననూ ఆయన ఇసుకనూ, సగౌరవంగా అతిథిగృహం ముంగిటికి చేర్చారు. పూలమాల వేశారు. మజ్జిగ ఇచ్చారు. ఇసుక ముంగిట్లో దిగింది. కవిగారు మజ్జిగ తాగి, నడుచుకుంటూ తిరిగి వచ్చి, పక్క జాగాలో కూర్చున్నారు.

పదిహేను రోజులు అలా సాగింది. నేను ప్రేరణ నమోదు పుస్తకంలో లెక్క రాశాను. డెబ్బై ఒక్క చోట్ల కూర్చున్నారు. అలలు దువ్వే ఆడవాళ్లు దంతెలు పక్కన పడేసి, తర్వాత ఎక్కడ కూర్చోవాలో ఆయనకు చూపించేవాళ్లు. "ఈడ రోంత మిగిలిపాయె సార్, మల్లొక తూరి కూసోండి!" అని కేకలు. ఆయన విసుక్కోకుండా వెళ్లి కూర్చునేవారు.

"ప్రేరణ వస్తాందా సార్?" అడిగాను యాభయ్యో చోట.

"నడుం నొప్పి వస్తోందయ్యా," అన్నారు. "ఏ దిక్కు నుంచో రాసుకుంటావా?"

డెబ్బై ఒకటో చోట జేసీబీ తొండం ఇసుక ఎత్తగానే కింద ఎర్రమట్టి కనబడింది. చేను చివరి గట్టు. గట్టు రాయి మీద వన్నూరక్క మొగుడు ఎప్పుడో వేసిన సున్నం గుర్తు. వన్నూరక్క ఆ రాయి మీద చేయి వేసి, కొంగుతో ఇసుక తుడిచింది. కవిగారు కాగితం తీయబోయి, ఆమె వైపు చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు.

దడి నోటీసు సంగతి ఇంజనీరే తేల్చాడు. "చూసేందుకు రచయితలెవరూ లేరు. చూసేవాళ్లు లేనప్పుడు దృశ్యభంగం ఎట్లా అవుతుంది?" అని రాసి సంతకం పెట్టాడు. వన్నూరక్క పాత దడిని విప్పి, మూడెకరాల చుట్టూ కొత్త దడి కట్టింది. కానుగ మొక్కలు నేనూ నాటాను. బిళ్ల తాడు గట్టిగానే ఉంది. ఒక మొక్కకు ఊతకర్ర కట్టడానికి సరిపోయింది.

ఆషాఢం వచ్చింది. ఏట్లోంచి లేచిన గాలి వన్నూరక్క దడి దగ్గర ఆగి, పక్కకు తిరిగి చూస్తే ఊరి మొదట్లో రెండెకరాల ఇసుక అప్పటికే సిద్ధంగా కుప్పపోసి ఉంది. గాలికి అంతకంటే ఏం కావాలి? వారంలో అతిథిగృహం కిటికీలు మూసుకుపోయాయి. కలం బొమ్మకు పాళీ మాత్రం పైకి కనబడుతోంది.

మంచి వాన పడ్డ మర్నాడు వైకుంఠరావు గారు మా ఇంటికి వచ్చారు. చెప్పుల నిండా ఇసుక, తల నిండా ఇసుక. అరుగు మీద కూర్చుని కాగితం నా ముందు పెట్టారు.

"రెవెన్యూ వారికి ఒక అర్జీ రాయాలయ్యా. నీ దస్తూరీ చూస్తే వాళ్లు ఏది ఉన్నా పక్కన పెట్టి చదువుతారు. నేను చెప్తాను, రాయి. మా అతిథిగృహమునకు మేట వచ్చి చేరుచున్నది. వచ్చిన మేట వచ్చినట్లే ముంగిట కూర్చుండిపోవుచున్నది..."

రాయసాగాను. ఈసారి కలం ఎంతో జాగ్రత్తగా పట్టుకున్నాను. ట దగ్గరికి వచ్చి, వంపు తిప్పకుండా ఆపేశాను.

అప్పుడే వన్నూరక్క విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని మా వాకిట్లోంచి చేనికి పోతూ ఆగింది. అరుగు మీదికి వంగి, కాగితం వైపు చూసింది. అక్షరాల్లో ఆమెకు వచ్చింది అదొక్కటే. దాని మీద వేలు పెట్టింది.

"గుడి పెట్టప్పా తిప్పేసామీ," అంది. "సార్ పెద్దమనిషి గదా."